బదిలీ మస్టర్

మొన్న ఎండకాలం మంచిర్యాల నుంచి మా అన్న బిడ్డ ఫోన్ చేసింది. "చిన్నబాపూ, నీట్ రాస్తున్న గద. ఎప్‌సెట్ గూడ రాయుమంటున్నరు. డాక్టర్ సీటు రాకుంటే ఫార్మసీ అన్న ఉంటదంట. రెండోదానికి దరఖాస్తు పెట్టుడంటే మొదటిదాని మీద నాకు నమ్మకం లేనట్టే గద? ఇంకోటి. రెండు దిక్కుల సీటు పట్టుకొని కూసుంటే ఎనుకున్నోళ్ళకు అన్యాయం గాదా?"

పదిహేడేండ్ల పిల్ల అడిగిన మాట. నేను ప్రభుత్వ దవాఖానల ఫార్మసిస్టును. ఇరవై నాలుగేండ్ల కింద ఇదే ప్రశ్న నన్ను ఇంకొకరు అడిగినప్పుడు నవ్వి ఊరుకున్నవాణ్ణి. ఈసారి నవ్వలేకపోయిన. "ఆలోచించి చెప్త బిడ్డా" అన్న. ఆ చెప్పవలసిందే ఇక్కడ రాస్తున్న.

మా కాలంల పరీక్ష పేరు ఎంసెట్. ఇంజనీరింగ్, వ్యవసాయం, వైద్యం, మూడూ ఆ పేరులనే ఉండేవి. ఫార్మసీకి గూడ అదే పరీక్ష, గాని పేరుల దానికి అక్షరం లేదు. 2017 నుంచి తెలంగాణల ఎంబీబీఎస్ సీట్లన్నీ నీట్ కిందికి పోయినయి. 2024ల పరీక్ష పేరు మార్చి వైద్యం అక్షరం తీసేసిండ్రు, ఫార్మసీ అక్షరం పెట్టిండ్రు. అట్ల పేరుల చోటు లేని చదువు పేరులకు ఎక్కింది. మనుషుల మనసులల్ల మాత్రం అది ఇంకా రెండోదే. డాక్టర్ గాలేనోడు పోయేదే.

రెండోది అన్న మాట నాకు చిన్ననాడే తెలుసు. మా బాపు సింగరేణిల బదిలీ ఫిల్లర్. బొగ్గుబాయి తెలువనోళ్ళకు చెప్పాలె. బదిలీ అంటే ఇక్కడ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారుడు గాదు. పర్మినెంట్ కార్మికుడు నాగా పెడితే వాని జాగల దిగేటోడు బదిలీ. షిఫ్టు మొదలుగాక ముందే బాపు టిఫిన్ డబ్బ పట్టుకొని బాయి మీదికి పోయేది. నాగాలుంటే మస్టర్ పడేది, దిగేది. లేకుంటే ఆ డబ్బ అట్లనే ఇంటికొచ్చేది. మస్టర్ పడని దినం బాపు డబ్బను చప్పుడు గాకుండ చూరు కింద పెట్టేది. సాయంత్రం అదే సల్లన్నం మేం తినేది. మస్టర్లు నిండితేనే పర్మినెంట్. ఎన్నో ఏండ్లు మా ఇంటి పొయ్యి ఇంకొకల నాగా మీద ఆధారపడి మండింది.

పుట్టిన ఊరు గోదావరి అవతలి ఒడ్డు, ధర్మపురి దిక్కు. బాపు చెప్పుల పని ఇడిసిపెట్టి, రాయపట్నం దాటి, బొగ్గు దిక్కు వచ్చిండు. మా బాపవ్వ మాత్రం ఊరు ఇడువలేదు. ఆమె మంత్రసాని. మాదిగవాడలనే గాదు, ఊరందరి కాన్పులు ఆమె చేతి మీదనే. దొర గడిల నొప్పులు మొదలైతే అర్ధరాత్రి జీతగాడు వచ్చి పిలిచేది. ఎనుక దర్వాజ నుంచి లోపలికి తీసుకపోయేటోళ్ళు. తల్లి కడుపు మీద ఆమె చెయ్యి, బిడ్డ నెత్తి కింద ఆమె చెయ్యి. బిడ్డ బయటపడి ఏడ్చేదాక ఎవలకూ అంటు గుర్తుకు రాదు. బొడ్డు కోసి, మాయ పూడ్చి, చేతులు కడుక్కున్నంక అంటు మొదలైతది. ఆమె నడిచిన జాగల నీళ్ళు చల్లేటోళ్ళు. ఇచ్చే బియ్యం ఎత్తు నుంచి కొంగుల పోసేటోళ్ళు. ప్రాణం నిలబెట్టిన చెయ్యికి గింజలిచ్చేటప్పుడు మధ్యల జానెడు గాలి ఉండాలె.

మా ఇంట్ల డాక్టర్ అన్న కోరిక ఎందుకు పుట్టిందో ఇప్పుడు అర్థమైతది. పైసల కోసమని చాలామంది అనుకుంటరు. పైసల కోసం గూడ అనుకోండి, తప్పేం లేదు. అసలు సంగతి వేరే. డాక్టర్ చెయ్యి పట్టుకుంటే ఎవడూ గుంజుకోడు. గుండె మీద, నాలుక మీద, పుండు మీద పెట్టనిస్తరు, పైగా దండం పెడ్తరు. బాపవ్వ చెయ్యికి దక్కనిది నా చెయ్యికి దక్కాలె. దళితుల ఇండ్లల్ల డాక్టర్ కల అంటే ఉద్యోగం కల గాదు, తాకే హక్కు కల. పుస్తకాల మీద ఈ మాట రాసి ఉండదు గాని, కరీంనగర్ హాస్టల్ల మేం బైపీసీ చదివేటోళ్ళమందరం దాన్నే చదివినం.

అప్పట్ల ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ రెండు జిల్లాలల్ల కలిపి ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల లేదు. తెలంగాణ మొత్తం మీద మూడే: హైదరాబాద్ల ఉస్మానియా, గాంధీ, వరంగల్ల కాకతీయ. ఇంటర్ రెండో ఏట ఒక లెక్చరర్ నా కోరిక విని, "మీకెందుకురా డాక్టర్? కంపౌండర్ కోర్సులున్నయి గద, అది సాలు" అన్నడు. అదే నెలల మా హాస్టల్ వార్డెన్ సార్, మావాడే, నన్ను పక్కకు పిలిచి, "డాక్టర్‌కు రాయి, ఫార్మసీకి గూడ పెట్టు బిడ్డా. ఏదో ఒకటి చేతిల ఉండాలె" అన్నడు.

రెండు నోళ్ళ నుంచి వచ్చింది దాదాపు ఒకటే సలహా. ఒకటి నన్ను కోసింది, ఇంకోటి నన్ను కాసింది. ఎందుకని చాలా రోజులు ఆలోచించిన. మొదటాయన నాకు హద్దు గీసిండు: నీ జాగ ఇది, దీనికి పైన చూడకు అని. రెండాయన నా కోరికను అట్లనే ఉంచి దాని కింద ఒక గుడ్డ పరిచిండు, పడితే ఎముకలు ఇరుగకుండ. మనల రెండో జాగల పెట్టుడు వేరు, మనం రెండో దారి పెట్టుకునుడు వేరు. మొదటిది మనువు చేసిన పని. రెండోది ఆకలి తెలిసినోడు చేసే పని. ఈ తేడా తెలువకపోతే, మనల్ని ఆపేటోడూ మనల్ని కాపాడేటోడూ ఒకడే అనిపిస్తడు. నాకూ ఆనాడు అట్లనే అనిపించింది. ఇద్దరి మీదా కోపమే వచ్చింది.

2001ల ఎంసెట్ రాసిన. ఎంబీబీఎస్ సీటు కొద్ది ర్యాంకుల్ల తప్పిపోయింది. ఫార్మసీ కౌన్సెలింగ్‌కు పిలుపు వచ్చింది. ఎమ్మార్వో దగ్గర తీసుకున్న కుల ధృవీకరణ పత్రం, మార్కుల మెమోలు, టీసీ ఒక ప్లాస్టిక్ సంచిల పెట్టుకొని హైదరాబాద్ పోయిన. అప్పుడు ఇప్పటి లెక్క కంప్యూటర్ల ఆప్షన్లు పెట్టుకునుడు లేదు. హాల్ల ర్యాంకు వరుసల కూసోవాలె, పేరు పిలిస్తే పోయి, మిగిలిన సీట్లు చూసి కోరుకోవాలె.

నా ఎనుక కుర్చీల ఆసిఫాబాద్ దిక్కు పిలగాడు కూసున్నడు. మావాడే, మాదిగ. ర్యాంకుల నాకన్న కొంచెం ఎనుక. ఉప్మా పొట్లం ఇద్దరం పంచుకొని తిన్నం. "అన్నా, నీకు ఫార్మసీ అంటే ఇష్టమా?" అన్నడు. "లేదు తమ్మీ. మల్ల ఎంసెట్ రాస్త. డాక్టరే చేస్త" అన్న. "మరి ఈ సీటు?" "అప్పటిదాక ఉంటది గద" అని నవ్విన. ఆయన నవ్వలేదు. "నాకు ఇదే కావాలె అన్నా. మా ఊర్ల మందుల షాపు లేదు" అన్నడు.

నా పేరు పిలిచిండ్రు. వరంగల్ల ఒక కాలేజీల ఎస్సీ బి గ్రూపుల ఒక్క సీటు మిగిలి ఉంది. తీసుకున్న. బల్ల దగ్గరున్నాయన ఒకటి కొట్టేసి సున్న పెట్టిండు. ఎనుకకు తిరిగితే ఆ పిలగాడు ఆ సున్న దిక్కే చూస్తున్నడు. ఆయనకు మిగిలినవి దూరపు ఊర్లల్ల ఫీజులెక్కువ కాలేజీలు. తీసుకోకుండ సంచి సదురుకొని పోయిండు. మళ్ళ ఎన్నడూ కనబడలేదు.

ఆ బి గ్రూపు అన్న రెండు అక్షరాల ఎనుక ఏమున్నదో నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల దండోర మొదలైంది. డప్పు భుజానేసుకొని, పేరు ఎనుక మాదిగ అని పెట్టుకొని, మావోళ్ళు ఊరూరు తిరిగిండ్రు. మా ఊరి నుంచి గూడ లారీలెక్కి పోయిండ్రు, కూలి పోగొట్టుకొని పోయిండ్రు. ఎస్సీల 15 శాతాన్ని నాలుగు గ్రూపులు చేసి, మాదిగ, దాని ఉపకులాలకు 7 శాతం ఇచ్చిన చట్టం 2000ల వచ్చింది. 2004 నవంబర్ 5న చిన్నయ్య కేసుల సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే ఆ 7 శాతం మా చేతిల ఉన్నది కొన్నేండ్లే. ఆ కొన్నేండ్లల్ల వచ్చిన సీట్లల్ల ఒకటి నా చేతిల పడ్డది.

ఆ సీటును నేనేం చేసిన?

వరంగల్ల ఏడాది ఉన్న. బైపీసీ నుంచి వచ్చినోళ్ళకు మొదటి ఏట లెక్కలు చెప్పేటోళ్ళు. నేను ఆ పుస్తకం కింద జువాలజీ పెట్టుకొని చదివేది. ల్యాబుల ద్రావణం కలిపేటప్పుడు గూడ నా మనసు గాంధీ దవాఖాన వార్డుల తిరిగేది. తోటోళ్ళతోని సోపతి చెయ్యలేదు, పోయేటోణ్ణి గద అని. ఏడాది కాంగనే చెప్పా పెట్టకుండ ఇడిసిపెట్టి లాంగ్‌టర్మ్ కోచింగుల చేరిన. మళ్ళ రాసిన. మళ్ళ తప్పింది, మళ్ళ కొద్దిలనే. ఎనుకకు పోతే రిజిస్టర్ల నా పేరు మీద ఎర్ర గీత. సీటు పోయింది. పోతే పోయింది, ఇంకొకరికి పోయిందా? పోలేదు. మొదటి ఏట ఖాళీ అయిన కుర్చీ నాలుగో ఏడు దాక ఖాళీగనే ఉంటది. మూడేండ్లు ఆ కుర్చీల ఎవలూ కూసోలేదు.

ఇంటికి పోయి చెప్పినప్పుడు బాపు తిట్టలేదు. చానసేపు బీడీ తాగి, ఒకటే మాట అడిగిండు. "నువ్వు నాగా పెడితే నీ జాగల దిగేటందుకు అక్కడ బదిలోడు ఉంటడారా?"

"ఉండడు బాపూ" అన్న.

"మరి బాయే నయం గదరా" అన్నడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భూమి కింద, చీకట్ల, బొగ్గు తీసే దగ్గర గూడ ఒకడు రాకపోతే ఇంకొకణ్ణి పిలుస్తరు. పనికి అంత విలువ ఉంది. చదువుల గుడి అనుకునే దగ్గర ఒక మాదిగ పిలగాడు పోతే ఆ ఖాళీ ఎవలకూ కనబడది. ఆ ఖాళీకి బాధ్యుణ్ణి నేను.

ఇక్కడ చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఒక మాట అడుగుతరు, అడగాలె గూడ. "అన్నా, పై కులాల పిల్లలు నాలుగు దిక్కుల సీట్లు పట్టుకుంటరు, ఇంజనీరింగ్ల చేరి మెడిసిన్‌కు దుంకుతరు. వాళ్ళకెవలూ నీతి చెప్పరు. వాళ్ళు చేస్తే తెలివి, మనం చేస్తే పాపమా?"

ఈ ప్రశ్నను నేను తేలికగ తీసెయ్యను. నిజమే, ఈ దేశంల అపరాధ భావం గూడ సమానంగ పంచలేదు. మొత్తం పాపం ఎప్పుడూ వెలివాడ ఖాతాలనే రాసిండ్రు. ఖాళీ అయిన సీటును నింపే ఏర్పాటు లేకపోవుడు పద్ధతి చేసిన నేరం, పద్దెనిమిదేండ్ల పిలగాని నేరం గాదు. నాకు కోచింగ్ పైసలుంటే, ఇంట్ల ఇంగ్లీషుంటే, మొదటి ఏడే డాక్టర్ సీటు వచ్చేదేమో. అప్పుడు ఫార్మసీ సీటును నేను పట్టుకునే పనే లేకుండె.

ఇదంతా ఒప్పుకున్నంక గూడ ఒకటి మిగుల్తది. జనరల్ సీటు తీసుకున్నోడు అది నా తెలివి అనుకుంటడు. ఆ అనుకునుడు అబద్ధమని మనమే చెప్పినం. తెలివి ఎనుక తాతల భూములు, తండ్రుల జీతాలు ఉన్నయని చెప్పినం. మరి మన సీటు ఎనుక ఏమున్నదో మనమెట్ల మరుస్తం? నా సీటు ఎనుక లారీలెక్కి పోయినోళ్ళ కూలి ఉంది. ఆ డప్పు మోత ఉంది. నా ర్యాంకు నాదే, నా కష్టం నాదే. సీటు మాత్రం నా ఒక్కనిది గాదు. వాడ పేరు మీద వచ్చినదాన్ని నా పేరు మీద పారేసిన. పై కులపోనితోని పోల్చుకుంటే నేను చేసింది తప్పు గాదు. ఆసిఫాబాద్ పిలగానితోని పోల్చుకుంటే తప్పే. న్యాయం అడిగేటప్పుడు పై కులాల దిక్కు చూడాలె. బాధ్యత లెక్కేసుకునేటప్పుడు ఎనుక కుర్చీ దిక్కు చూడాలె. నాకు ఇది తెలుసుకునేటందుకు చానా ఏండ్లు పట్టింది.

తర్వాత డీఫార్మసీ చేసిన, రెండేండ్ల డిప్లొమా. చేతిల సర్టిఫికెట్ పడ్డంక ఒక మందుల షాపు సేటు వచ్చిండు. "నువ్వు రానక్కర లేదు. సర్టిఫికెట్ గోడకు పెడ్త, నెల నెల ఇంత ఇస్త" అన్నడు. డాక్టర్ చీటీ మీద మందు ఇచ్చే అధికారం రిజిస్టర్ అయిన ఫార్మసిస్టుకే ఉండాలని 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెప్తది. చట్టం అట్ల చెప్తది కాబట్టే నా కాగితానికి కిరాయి వచ్చింది. నేను ఇచ్చిన. అప్పులుండె, ఇచ్చిన.

ఒకరోజు ఆ దారిల పోతూ లోపలికి చూసిన. గోడ మీద అద్దం ఎనుక నా పేరు, నా ఫోటో. కౌంటర్ దగ్గర పదో తరగతి తప్పిన పిలగాడు. మా వాడ ముసలమ్మ ఒకామె మోకాళ్ళ నొప్పులకు అని అడిగితే, ఆ పిలగాడు డెక్సా గోలీలు కత్తిరించి ఇచ్చిండు. పేరున్న ముక్క షాపుల ఉండిపోయింది, పేరు లేని ముక్క ఆమె చేతిల పడ్డది. ఆమె మొఖం అప్పటికే ఉబ్బి ఉంది. స్టెరాయిడ్ నెలల కొద్ది తింటే అట్లనే ఉబ్బుతది, ఎముకలు గుల్లయితయి, షుగర్ పెరుగుతది, ఒక్కసారి ఆపితే ఇంకో ప్రమాదం. ఇవన్నీ నేను చదివినవే. చదివిన నేను గోడ మీద ఉన్న, చదవనోడు ఆమె ముందట ఉన్నడు.

వరంగల్ల నా కుర్చీ ఖాళీ, ఇక్కడ నా స్టూలు ఖాళీ. రెండు దిక్కుల పేరు ఉంది, మనిషి లేడు. ఆ సాయంత్రమే సర్టిఫికెట్ గుంజుకొచ్చిన.

ఆ తర్వాత ఆదిలాబాద్ ఏజెన్సీల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల పని దొరికింది. వానకాలం వచ్చిందంటే జ్వరాలు. గోండులు, కోలాములు గుట్టల మీద నుంచి నడిచి వచ్చేటోళ్ళు. వైవాక్స్ మలేరియాకు మూడు దినాల క్లోరోక్విన్, పద్నాలుగు దినాల ప్రైమాక్విన్. మూడో దినానికి జ్వరం తగ్గుతది, మనిషి పనికి పోతడు, మిగిలిన గోలీలు చూరుల పెడ్తడు. కాలేయంల దాక్కున్న పురుగు కొన్ని వారాలకో నెలలకో మళ్ళ లేస్తది. ప్రైమాక్విన్ గర్భిణికి ఇయ్యొద్దు, ఏడాది లోపు పసిపిల్లకు ఇయ్యొద్దు. కొందరి రక్తంల ఒక ఎంజైమ్ తక్కువుంటది, వాళ్ళకు మూత్రం నల్లగ వస్తే ఎంటనే ఆపాలె. డాక్టర్ రాసేది ఒక్క గీత. ఆ గీతను పద్నాలుగు దినాలు ఒక మనిషి బతుకుల నిలబెట్టేది కిటికీ కాడ కూసున్నోడు. నేను ఇడిసిపెట్టిన చదువు ఇదేనని నాకు అక్కడ తెలిసింది. ఇది డాక్టర్ పనికి నకలు గాదు. ఇది వేరే పని.

ఆ కిటికీ దగ్గరనే ఇంకోటి తెలిసింది. మందులిచ్చేటోళ్ళు చానమంది గోలీలు ఎత్తు నుంచి అరచేతిల పడేస్తరు, లేకుంటే బల్ల మీదికి తోస్తరు. విదేశాల చదివి వచ్చిన అంబేద్కర్ బరోడాల ఉద్యోగం చేస్తే, కింద పనిచేసే జవాన్లు ఫైళ్ళు దూరం నుంచి బల్ల మీదికి విసిరిండ్రు. బాపవ్వ కొంగుల పడ్డ బియ్యం, ఆ ఫైళ్ళు, ఈ గోలీలు, అన్నిటికీ నడుమ అదే జానెడు గాలి. నేను చేసేది చిన్న పని. కిటికీల నుంచి చెయ్యి బయటికి చాపి, ముసలామె అరచెయ్యి పట్టుకొని, గోలీ అందుల పెట్టి, ఆమె వేళ్ళు మూసి చెప్త: ఇది పొద్దున, అన్నం తిన్నంక. తాకే హక్కు డాక్టర్‌కే ఉంటదనుకున్న. కిటికీ కాడ గూడ ఉంటదట. పై కులం పెద్దమనిషి ఒకాయన ఒకసారి "బల్ల మీద పెట్టు, తీసుకుంట" అన్నడు. "చేతికే ఇస్త సార్, కింద పడితే పాడైతది" అన్న. తీసుకున్నడు.

ఇక బిడ్డా, నీ ప్రశ్నకు వస్త.

రెండింటికీ రాయి. రెండోదానికి రాసుడు మొదటిదాని మీద అపనమ్మకం గాదు. మీ తాత బాయి మీదికి టిఫిన్ డబ్బ తీసుకపోయింది అపనమ్మకంతోని గాదు, మిమ్మల్ని సాదాలన్న పట్టుదలతోని. కల మీద ఆస్తి లేనోనికి రెండో దారి పిరికితనం గాదు. ఎవడన్న నిన్ను "ఫార్మసీ సాలు తియ్యి" అంటే మాత్రం వాని మాట ఇనకు. ఈనాడు రామగుండం, జగిత్యాల, మంచిర్యాలల 2022 నుంచి, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌ల 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నయి. ఆదిలాబాద్ రిమ్స్ 2008 నుంచి ఉంది. నాకు మూడు దర్వాజలుంటే నీకు ఇంటి చుట్టే ఇన్ని ఉన్నయి. కొట్టు, తెరిచేదాక కొట్టు.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతదన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల ఎస్సీలు మూడు గ్రూపులు: 1 శాతం, 9 శాతం, 5 శాతం. ముప్పై ఏండ్ల కొట్లాట. మాలలు, మాదిగలు కొట్టుకోవాలని గాదు, ఎనుకబడ్డోనికి గూడ ఒక కుర్చీ ఉండాలని. నీకు వచ్చే సీటు మీద ఆ ముప్పై ఏండ్ల చేతి గుర్తులుంటయి.

కాబట్టి ఫార్మసీ సీటు తీసుకుంటే రెండే తీర్లు. వద్దనుకుంటే కౌన్సెలింగ్ గడువు దాటకముందే రద్దు చేసుకో, ఎనుక కుర్చీలున్న పిల్లకు అది పోతది. ఉంచుకుంటే నిండ మనిషివై కూసో. మనిషి ఒక దిక్కు, పేరు ఒక దిక్కు పెట్టకు. విద్యార్థి సంఘాలకు గూడ నేను చెప్పేది ఒకటి ఉంది. సీటు వచ్చినోళ్ళకు దండలేస్తున్నరు, మంచిదే. ఇడిసిపెట్టిన సీట్ల లెక్క గూడ రాయండి. ఆ ఖాళీలు ఎనుకున్నోళ్ళకు పోయే దారి కోసం కొట్లాడండి. బొగ్గుబాయి మీద ఉన్నపాటి న్యాయం కాలేజీల గూడ ఉండాలని అడగండి.

బాపు చనిపోయి ఏండ్లయింది. చివరి దినాలల్ల ఆయన గోలీలు నేనే ఇచ్చేది. ఒకసారి అరచెయ్యి చాపి, గోలీ దిక్కు గాక నా మొఖం దిక్కు చూసి అడిగిండు. "ఇయ్యాల మస్టర్ పడ్డదారా?"

"పడ్డది బాపూ" అన్న.